కాపురం చుట్టూ ఎవరున్నారు?

(మహిళా సంఘాల కార్యకర్తలు, కౌన్సెలింగ్ కేంద్రాల్లో పనిచేసేవారి కోసం జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న అంశం "దాంపత్య జీవితంలో సంతోషం - బంధుమిత్రుల పాత్ర". కరపత్రంలో ఈ శీర్షిక చూసి మీలో కొందరు నవ్వుకోవడం గమనించాను. తన్నులు తిని వచ్చిన ఆడవాళ్ళతో, కట్నం కేసులతో, మనోవర్తి కోసం కోర్టుల చుట్టూ తిరిగే తిరుగుడుతో రోజులు గడిచే మనకి దాంపత్య సుఖం గురించి మాట్లాడటం వారపత్రికల వాళ్ళ పనిలా అనిపించడం సహజమే. కానీ ఆ మాటని మనం వాళ్ళకి వదిలేశాం కాబట్టే దానికి వాళ్ళు చెప్పిన అర్థం చలామణీ అవుతోంది. ఆ అర్థంలో సంతోషమైన కాపురం అంటే గొడవ గోడ దాటి వినపడని కాపురం. "ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో గట్టిగా మాట వినలేదమ్మా" అని మెచ్చుకుంటారు చూడండి, ఆ ఇంట్లో ఎవరు నోరు మూసుకున్నారని ఎవరూ అడగరు.

ఇంకొక సంగతి. కాపురం బాగున్నా, బాగోలేకపోయినా అది ఇద్దరు మనుషుల సొంత వ్యవహారమని ఒక నమ్మకం ఉంది. అతను మంచివాడా, ఆమె ఓర్పు గలదా, జాతకాలు కలిశాయా, ఇప్పటి మాటల్లో చెప్పాలంటే మనసులు కలిశాయా - ఇంతవరకే ఆలోచిస్తాం. మన కౌన్సెలింగ్ కూడా తరచుగా ఇక్కడే మొదలై ఇక్కడే ఆగిపోతుంది. ఇద్దరినీ చెరో కుర్చీలో కూర్చోబెడతాం. కుర్చీలు సమానంగానే ఉంటాయి. కానీ అతని కుర్చీ వెనక ఒక ఊరు నిలబడి ఉంటుంది. ఆమె కుర్చీ వెనక ఎవరున్నారు? నేను మాట్లాడదలుచుకున్నది ఈ ప్రశ్న గురించి.

పెళ్ళినాటికి ఇద్దరికీ తమవాళ్ళంటూ కొందరు ఉంటారు. ఐదేళ్ళ తర్వాత ఎవరికి ఎవరు మిగిలారో లెక్క చూడండి. అతను పుట్టిన వాడలోనే ఉంటాడు, లేదా ఉద్యోగం ఎక్కడైనా అతని తల్లిదండ్రులు, అన్నదమ్ములు అతనివాళ్ళుగానే ఉంటారు. చిన్నప్పటి స్నేహితులతో టీ కొట్టు దగ్గర సాయంత్రం గంటసేపు నిలబడితే ఎవరూ తప్పు పట్టరు. ఆమె ఊరు మారింది. ఇంటిపేరు మారింది. కలిసి చదువుకున్న పిల్లలు తలోచోటికీ కోడళ్ళుగా పోయారు. కష్టం వస్తే పరుగెత్తగలిగిన పక్కింటి పిన్నిగారు, తనను ఎరిగిన టీచరు, ముఖం చూసి అరువిచ్చే కొట్టతను - అందరూ ఒక్క ముహూర్తంతో వెనక ఉండిపోయారు. దీన్ని మనం ఎప్పుడూ నష్టంగా లెక్క రాయం. అప్పగింతలప్పుడు ఏడుస్తాం, అంతే. ఆ ఏడుపు ఆచారం కాబట్టి దాని వెనక ఉన్న నష్టం ఎవరికీ పట్టదు.

సమాజ శాస్త్రంలో దీని గురించి తొలిగా గట్టిగా ఆలోచించినవాళ్ళలో ఎలిజబెత్ బాట్ ఒకరు. లండన్‌లో 20 కుటుంబాలను చాలా దగ్గరగా పరిశీలించి 1957లో ఆమె ఒక పుస్తకం ప్రచురించింది. భార్యాభర్తలు ఇంటిపని ఎలా పంచుకుంటారు, తీరిక సమయం ఎవరితో గడుపుతారు అనేవి వాళ్ళ చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరికొకరు ఎంత తెలిసినవాళ్ళు అన్నదానితో ముడిపడి ఉన్నాయని ఆమె వాదన. పెళ్ళికి ముందునుంచీ ఉన్న బంధుమిత్రులు అల్లుకుపోయి ఉంటే భర్త తన మగవాళ్ళతో, భార్య తన ఆడవాళ్ళతో బతుకుతారు. ఇంటిపని ఆమెది, బయటిపని అతనిది అవుతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు చెల్లాచెదురుగా, ఒకరికొకరు తెలియకుండా ఉంటే దంపతులు ఒకరిమీద ఒకరు ఆధారపడక తప్పదు. పనీ, తీరికా కలిసి పంచుకుంటారు. అదే ఏడాది మైకేల్ యంగ్, పీటర్ విల్మాట్ తూర్పు లండన్‌లోని బెత్నల్ గ్రీన్ అనే కార్మికవాడ మీద రాసిన పుస్తకం వచ్చింది. అక్కడ పెళ్ళయిన కూతురు తల్లికి దగ్గర్లోనే కాపురం పెడుతుంది, రోజూ తల్లి ఇంటికి వెళ్ళొస్తుంది. భర్త ఇంటిపని ముట్టుకోకపోయినా ఆమెకి తల్లి ఉంది, అక్కచెల్లెళ్ళున్నారు.

ఈ బొమ్మని మన ఊళ్ళమీద పెట్టి చూస్తే ఒక సగం సరిపోతుంది, ఒక సగం సరిపోదు. భర్త చుట్టూ వల గట్టిగానే ఉంది. అందుకే అతను చీపురు పట్టుకుంటే నవ్వే అన్నలున్నారు, పెళ్ళాం మాట విన్నాడనే స్నేహితులున్నారు. కానీ బెత్నల్ గ్రీన్ ఆడపిల్లకున్న తల్లీ, అక్కచెల్లెళ్ళూ మన కోడలికి పక్కవీధిలో లేరు. పని విభజన అనే భారం మిగిలింది, దాన్ని మోయడానికి కావలసిన ఆడవాళ్ళ తోడు మాత్రం పోయింది. మన దేశంలో దాంపత్యం గురించి మాట్లాడేటప్పుడు ఈ అసమానత దగ్గర మొదలుపెట్టాలి. స్వభావాల సంగతి తర్వాత.

ఉత్తరప్రదేశ్‌లో ఈ ఒంటరితనం ఎంతవరకు పోయిందో ఒక అధ్యయనం చూపించింది. జౌన్‌పూర్ జిల్లాలో 2018లో 18 నుంచి 30 ఏళ్ళ లోపు పెళ్ళయిన గ్రామీణ స్త్రీలను ప్రశ్నించారు. భర్తనూ, అత్తనూ మినహాయిస్తే ఆ జిల్లా మొత్తంలో మనసు విప్పి మాట్లాడుకునే మనిషి ఒక్కరూ లేనివాళ్ళు 36 శాతం. ఎక్కడా లేనివాళ్ళు 22 శాతం. అత్తతో కలిసి ఉంటున్న కోడళ్ళకి ఊళ్ళో దగ్గరివాళ్ళు ఇంకా తక్కువ. బంధువుల ఇంటికో, స్నేహితురాలి ఇంటికో ఒంటరిగా వెళ్ళడానికి అనుమతి ఉన్నవాళ్ళు నూటికి 12 మందే. దగ్గరివాళ్ళు తక్కువైన కొద్దీ కుటుంబ నియంత్రణ ఆసుపత్రికి వెళ్ళడం కూడా తగ్గింది. స్నేహితురాలు లేకపోవడమంటే ఊసుపోకపోవడం కాదు, వైద్యం అందకపోవడమని దాని అర్థం.

"మన దగ్గర అంత లేదండీ" అని మీరు అనబోతున్నారు. కొంత నిజం. ఇరావతీ కార్వే 1953లోనే ఉత్తరాది, దక్షిణాది బంధుత్వ పద్ధతుల మధ్య తేడా రాశారు. ఉత్తరాదిలో ఆడపిల్లని పొరుగూరికి, కొత్తవాళ్ళకి ఇస్తారు. ఇక్కడ మేనమామ కొడుక్కో, మేనత్త కొడుక్కో, మేనమామకో ఇస్తారు. అత్తారిల్లు అంటే చిన్నప్పుడు సెలవులకి వెళ్ళిన ఇల్లే. 1983లో టిమ్ డైసన్, మిక్ మూర్ దక్షిణాదిలో స్త్రీలకున్న కాస్త వెసులుబాటుకి, తక్కువ శిశుమరణాలకి ఈ బంధుత్వ పద్ధతితో సంబంధం ఉందన్నారు. పుట్టింటితో తాడు తెగిపోకపోవడమే దీనికి మూలం. మన ఆచారాలు కూడా ఆ తాడుని పట్టుకుని ఉన్నవే. పెళ్ళయిన ఏడాది ఆషాఢంలో కోడలు అత్త ఉన్న ఇంట్లో ఉండకూడదంటారు. కారణాలు ఎవరేమైనా చెప్పనీ, ఆ పిల్లకి నెల రోజులు ఊపిరి తీసుకునే వీలు దొరుకుతుంది. తొలి కాన్పు పుట్టింట్లో. బతుకమ్మకి తెలంగాణ ఆడబిడ్డలు తల్లిగారింటికి వస్తారు. కోస్తాలో అట్లతద్ది నాడు చిన్ననాటి జట్టు మళ్ళీ ఒకచోట చేరి ఊయల లూగుతుంది. ఇవన్నీ పండుగలే కాదు. అత్తవారింటి నుంచి రావడానికి ఎవరినీ బతిమాలనక్కర్లేని రోజులు. తొమ్మిది రోజులు బతుకమ్మ చుట్టూ తిరుగుతూ ఆడవాళ్ళు మాట్లాడుకునే మాటలు పాటలకన్నా ఎక్కువ. ఎవరి కాపురం ఎలా ఉందో ఆ తొమ్మిది రోజుల్లో ఊరి ఆడవాళ్ళందరికీ తెలిసిపోతుంది.

అయితే మేనరికం ఆడపిల్లకి రక్ష అని చెప్పేవాళ్ళతో నేను ఏకీభవించను. ఇప్పటికీ మన రెండు రాష్ట్రాల్లో దగ్గరి సంబంధాలు దేశ సగటుకన్నా ఎక్కువే కాబట్టి ఇది తీరిగ్గా ఆలోచించాల్సిన విషయం.

మేనరికంలో పుట్టిల్లూ, అత్తిల్లూ ఒకే వల. కాపురం బాగున్నన్నాళ్ళు అది వెచ్చగా ఉంటుంది. అత్త కోపగించినా "మా అన్న కూతురే కదా" అని మళ్ళీ దగ్గరికి తీసుకుంటుంది. కాపురం చెడితే మాత్రం ఆ పిల్లకి నిలబడటానికి వల బయట జాగా ఉండదు. కేసుల్లో కొన్ని మీకూ తెలిసినవే. ఒకమ్మాయి, మేనత్త కొడుకుని చేసుకున్నది, రెండేళ్ళపాటు దెబ్బలు తిని పుట్టింటికి వచ్చింది. తండ్రి కంటతడి పెట్టుకున్నాడు. కానీ అల్లుడి మీద, అత్త మీద ఫిర్యాదు రాయమంటే అతని చేయి ఆడలేదు. ఫిర్యాదులో రెండో ముద్దాయి తన తోడబుట్టిన అక్క. "అది నన్ను ఎత్తుకుని పెంచిందమ్మా" అన్నాడు. నాయనమ్మ ఇంట్లో కూర్చుని రెండు వైపులా కన్నీళ్ళు పెట్టుకుంటుంది, చివరికి "మన పరువు మనమే తీసుకుంటామా" అంటుంది. పెద్దమనుషులుగా వచ్చి కూర్చునేది కూడా ఇద్దరికీ చుట్టాలైన మేనమామలే. ఆ గదిలో ఆ పిల్లను ప్రేమించనివాళ్ళు ఒక్కరూ లేరు. ఆమె పక్షం మాట్లాడేవాళ్ళూ ఒక్కరూ లేరు.

కుండమార్పిడి పెళ్ళిళ్ళ సంగతి ఇంకా దారుణం. మన అన్నకి వాళ్ళ పిల్ల, మనకి వాళ్ళ అబ్బాయి. ఇక్కడ కోడలిని కొడితే అక్కడ కోడలిని పుట్టింటికి పంపేస్తారు. తన కాపురం గురించి నోరు విప్పే ముందు ఆడపిల్ల అన్నా వదినల కాపురం గురించి ఆలోచించాలి. వల బిగువు పెరిగే కొద్దీ అందులో ఎవరి కాపురమైనా ఇంకొకరి కాపురానికి జామీను అవుతుంది. బంధువులు ఎక్కువగా ఉండటం ఒకటి, మన బంధువు అనగలిగిన మనిషి ఉండటం వేరొకటి. మనం ఈ రెండింటినీ కలిపేస్తూ ఉంటాం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, 2019-21, లెక్కలు ఒకటి చెప్తాను. శారీరక లేక లైంగిక హింసకి గురైన స్త్రీలలో సహాయం కోరినవాళ్ళు 14 శాతం. సహాయం కోరకపోవడమే కాదు, ఎవరికీ చెప్పనే చెప్పనివాళ్ళు 77 శాతం. సహాయం కోరిన కొద్దిమందీ ఎక్కువగా వెళ్ళింది పుట్టింటివాళ్ళ దగ్గరికే. పోలీసులు, లాయర్లు, మనలాంటి సంస్థలు ఆ వరసలో చాలా దూరాన ఉన్నాం. అంటే మనం చట్టం గురించి ఎంత చెప్పినా మొదట తలుపు తెరిచేది తల్లి, లేదా అన్నావదినలు. ఆ తలుపు ఎంతసేపు తెరిచి ఉంటుంది అన్నదే ఆ స్త్రీ జీవితాన్ని నిర్ణయిస్తుంది.

మరి ఆ తలుపుకి వెల ఎంత? ఈ ప్రశ్న వేసినందుకు బీనా అగర్వాల్‌కి మనం రుణపడి ఉన్నాం. 1994లో వచ్చిన ఆమె పుస్తకం దక్షిణాసియాలో స్త్రీలకీ, భూమికీ ఉన్న సంబంధం గురించి. అక్కాచెల్లెళ్ళు తండ్రి ఆస్తిలో తమ వాటా ఎందుకు అడగరు? తెలియక కాదు. అడిగితే అన్నదమ్ములు మొహం చాటేస్తారని. రేపు కాపురం చెడితే వెళ్ళడానికి ఒక ఇల్లు కావాలి, అందుకోసం ఇవాళ వాటా వదులుకుంటారు. అది త్యాగంలా కనిపిస్తుంది, నిజానికి బీమా ప్రీమియం. ఈ బీమాకి పత్రం లేదు, షరతులు మాత్రం అన్నదమ్ముల ఇష్టం.

మనవైపు ఇది కొత్త విషయమేమీ కాదు. పసుపు కుంకుమల కింద ఆడపిల్లకి కొంత భూమి ఇవ్వడం చాలాచోట్ల ఉన్న వాడుకే. అవిభక్త కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇస్తూ దేశంలో మొదట చట్టం సవరించిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి; ఆ సవరణ 1986 నాటిది. అయితే అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళకి అది వర్తించలేదు. ఆ మినహాయింపు వెనక ఉన్న ఆలోచన ఏమిటంటే, పెళ్ళయిన పిల్ల మనిషి కాదని కాదు గానీ మన మనిషి కాదని. 2005లో కేంద్ర చట్టం ఆ తేడా తీసేసింది. తండ్రి 2005 నాటికి బతికి ఉన్నాడా లేదా అన్న పేచీని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చింది. హక్కు పుట్టుకతో వచ్చేదే అంది. ఇన్ని జరిగాక కూడా రిజిస్ట్రారు ఆఫీసుల్లో హక్కు విడుదల పత్రాల మీద సంతకాలు పెట్టే అక్కచెల్లెళ్ళను చూస్తూనే ఉన్నాం. ఒకావిడ సంతకం పెట్టి బయటికొచ్చి నాతో అన్న మాట: "ఎకరం పోతే పోయింది మేడమ్, సంక్రాంతికి పిలుపు ఉంటే చాలు." ఆమె అమాయకురాలు కాదు. తన బతుకు లెక్క ఆమెకి మనకన్నా బాగా తెలుసు. మనం మార్చాల్సింది ఆమె తెలివిని కాదు, ఆ లెక్కలో ఉన్న అంకెల్ని.

ఆ అంకెలు మారితే ఏమవుతుందో ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ తిరువనంతపురం జిల్లాలో చేసిన అధ్యయనం చూపించింది. సుమారు 500 మంది స్త్రీల వివరాలతో 2005లో వచ్చింది. భూమీ ఇల్లూ రెండూ లేని స్త్రీలలో 49 శాతం మంది భర్త చేతిలో దెబ్బలు తిన్నవాళ్ళు. రెండూ తమ పేర ఉన్నవాళ్ళలో 7 శాతం. అదే అధ్యయనంలో పుట్టింటివాళ్ళ, ఇరుగుపొరుగుల అండ ఉన్నచోట హింస తక్కువగా కనిపించింది. ఈ రెండూ పక్కపక్కనే పెట్టుకుని చదవాలి. తన పేర ఇల్లున్న ఆడమనిషికి పుట్టిల్లు ఆశ్రయం కాదు, చుట్టరికం. చుట్టరికంగా ఉన్నప్పుడే తల్లి కూడా ధైర్యంగా మాట్లాడగలుగుతుంది, ఎందుకంటే కూతురు తిరిగొస్తే ఎక్కడ పడుకోబెట్టాలన్న దిగులు ఆమెకి ఉండదు.

పుట్టింటివాళ్ళ మద్దతు గురించి ఇంకొక్క మాట. వాళ్ళు చాలాసార్లు కూతురికి అండగా ఉండరు, కూతురి కాపురానికి అండగా ఉంటారు. రెండూ ఒకటి కాదు. "ఈ ఒక్కసారికి సర్దుకుపోమ్మా, చెల్లెలి పెళ్ళి అయ్యేదాకా" అన్న తండ్రి మాటలో ప్రేమ ఉంది. కానీ ఆ ఒక్కసారీ ఎప్పటికీ అయిపోదు. చెల్లెలి పెళ్ళి తర్వాత మనవరాలి ఓణీల ఫంక్షన్ వస్తుంది. ఇక కులం దాటి పెళ్ళి చేసుకుంటే పుట్టిల్లు ఏం చేయగలదో 2018 సెప్టెంబరులో మిర్యాలగూడ చూసింది. గర్భవతిగా ఉన్న భార్య కళ్ళెదుటే, ఆమె తండ్రి కిరాయికి పురమాయించినవాళ్ళ చేతిలో ఒక దళిత యువకుడు చనిపోయాడు. కుటుంబం దాంపత్యానికి అండ అని గుడ్డిగా మాట్లాడేవాళ్ళు ఈ ఊరి పేరు గుర్తుంచుకోవాలి. కులాంతర వివాహాల్లో ఇద్దరూ తమ వలలు రెండూ పోగొట్టుకుంటారు. స్నేహితులు సాక్షి సంతకాలు పెట్టి వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఆ ఇద్దరి చుట్టూ ఎవరుంటారన్నది మనలాంటి సంఘాలు పట్టించుకోవాల్సిన పని.

అమెరికా సంగతి ఒకటి ఆసక్తిగా ఉంటుంది. మిచిగన్‌లో టెరీ ఆర్బక్ అనే పరిశోధకురాలు 1986లో పెళ్ళయిన 373 జంటలను ఏళ్ళ తరబడి పరిశీలించింది. భర్త తన అత్తమామలకి దగ్గరగా ఉన్నచోట విడాకుల అవకాశం 20 శాతం తగ్గింది. భార్య తన అత్తమామలకి దగ్గరగా ఉన్నచోట 20 శాతం పెరిగింది. మొదట వింతగా అనిపిస్తుంది. భార్యకి దగ్గరైనకొద్దీ అత్తగారి సలహా జోక్యమవుతుందని, కోడలిగా, తల్లిగా తన పనితనం మీద తీర్పులా వినిపిస్తుందని ఆమె వివరణ. విడాకులు లేకపోవడమే సంతోషం కాదు కాబట్టి, ఆ సమాజం వేరు కాబట్టి, ఆ అంకెల్ని ఇక్కడికి తెచ్చి అతికించను. కానీ మన పద్ధతి సరిగ్గా దానికి తలకిందులుగా ఉందని మాత్రం చెప్పాలి. కోడలు అత్తమామలకి కూతురిలా కలిసిపోవాలంటాం. అల్లుడికి మాత్రం మర్యాదలు చేస్తాం, దగ్గరవమని అడగం. కొత్త అల్లుడికి సంక్రాంతికి బట్టలు పెడతాం, పిండివంటలు పెడతాం, మామగారికి ఒంట్లో బాగోలేకపోతే ఆసుపత్రిలో రాత్రి కూర్చుంటావా అని అడిగే ధైర్యం మనకి లేదు. అడిగి చూడాలి. భార్య తల్లిదండ్రులను చూసుకునే మగవాడికి భార్య మీద చేయెత్తడం అంత సులువు కాదని నా అనుభవం. ఇది లెక్కలతో నిరూపించలేను, చూసినంతలో చెప్తున్నాను.

అదే అమెరికాకి పెళ్ళి చేసుకుని వెళ్ళిన మన తెలుగు ఆడపిల్లల పరిస్థితి వేరు. భర్త వీసా మీద ఆధారపడి వెళ్ళినవాళ్ళకి 2015 దాకా ఉద్యోగం చేసే అనుమతే లేదు, ఆ తర్వాత కూడా కొందరికే వచ్చింది. ఉద్యోగం లేదు, కారు లేదు, ఫోనులో అమ్మకి చెప్తే అమ్మకి నిద్ర పట్టదు. న్యూజెర్సీలో దక్షిణాసియా స్త్రీలు 1985లో "మానవి" సంస్థని పెట్టుకున్నది ఇలాంటి ఒంటరితనంలో ఉన్నవాళ్ళ కోసమే.

ఇప్పుడు స్నేహితుల సంగతి. బంధువుల గురించి మనకి వంద మాటలున్నాయి - తోడికోడలు, ఆడపడుచు, వియ్యపురాలు. పెళ్ళయిన ఆడదాని స్నేహితురాలికి మన కుటుంబంలో ఒక స్థానం గానీ, ఒక హోదా గానీ లేదు. ఆమె ఇంటికి వస్తే "ఏం పని మీద వచ్చింది?" అంటారు. మగవాడి స్నేహితుడు పని లేకుండానే వచ్చి భోంచేసి వెళ్తాడు, ఆ భోజనం వండేది కూడా ఈమే. స్నేహం అనేది ఆడవాళ్ళకి పెళ్ళితో అయిపోయే చదువులాంటిదని మనం పిల్లలకి నేర్పుతున్నాం. సెల్‌ఫోన్ వచ్చాక కొంత మారింది, కాదనను. అదే 2019-21 సర్వే ప్రకారం దేశంలో తాము సొంతంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు 54 శాతం. మిగిలిన సగానికి దగ్గర మందికి లేదు. ఉన్నవాళ్ళలో కూడా రాత్రిపూట ఫోను భర్త చేతికిచ్చి ఎవరెవరితో మాట్లాడిందో చూపించాల్సినవాళ్ళు మన కేంద్రాలకి వస్తూనే ఉన్నారు. ఆ తనిఖీని కూడా కొందరు ప్రేమ అనుకుంటారు. స్నేహితురాళ్ళను ఒక్కొక్కరినే దూరం చేయడం హింసలో మొదటి మెట్టు అని మన కార్యకర్తలు గుర్తుపట్టాలి. చెంపదెబ్బ తర్వాత వస్తుంది.

ఆడవాళ్ళు ఒకచోట చేరితే దాంపత్యంలో ఏం మారుతుందో మన నేల మీదే చూశాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాకి ఎదురు తిరిగారు. అక్షరాస్యత కేంద్రాల్లో రాత్రిపూట కలిసి కూర్చున్నప్పుడే "మీ ఇంట్లోనూ ఇంతేనా" అని ఒకరినొకరు అడుక్కున్నారు. అప్పటిదాకా ఎవరి మొగుడు తాగి కొట్టినా అది వాళ్ళ ఇంటి గుట్టు, వాళ్ళ తలరాత. అది పది ఇళ్ళ సంగతి అయ్యాక తలరాత కాకుండా పోయింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. నిషేధం నిలవలేదు గానీ, పక్కింటి తలుపు తట్టవచ్చన్న ఎరుక ఆ ఊళ్ళల్లో మిగిలిందని అక్కడి స్త్రీలు చెప్తారు.

పొదుపు సంఘాల గురించి మాత్రం నేను పూర్తి ఉత్సాహం చూపించలేను. వారానికో, నెలకో బయటికి రావడానికి అవి ఒక సాకు ఇచ్చాయి, అది చిన్న విషయం కాదు. కానీ అప్పు వాయిదా కట్టలేని సభ్యురాలి గుమ్మం ముందు మిగతా సభ్యులు కూర్చున్న రోజులు కూడా చూశాం. 2010లో సూక్ష్మ రుణ సంస్థల వసూళ్ళ బాధలు అంత ముదిరితేనే ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. స్నేహితురాళ్ళను ఒకరికొకరు జామీనుదార్లుగా మార్చే సంఘం కుండమార్పిడి పెళ్ళిలాంటిదే. సంఘం లెక్కల పుస్తకం మూసేశాక పది నిమిషాలు ఇళ్ళ సంగతులు మాట్లాడుకుంటున్నారా లేదా, అది చూడండి.

ఇక పని సంగతి. మన కేసు షీటులో భర్త పేరు, అతని ఉద్యోగం, కట్నం ఎంత, పిల్లలు ఎందరు అన్నీ ఉన్నాయి. "మీకు ఎవరున్నారు?" అన్న గడి లేదు. అది చేర్చాలి. అడగడానికి ఒక పద్ధతి చెప్తాను. తెల్లకాగితం మీద మధ్యలో ఆమె పేరు రాయండి. చుట్టూ ఆమె చెప్పిన మనుషుల పేర్లు రాస్తూ ఒక్కొక్కరి గురించి నాలుగు సంగతులు అడగండి. అక్కడికి వెళ్ళడానికి ఎవరి అనుమతి కావాలి? బస్సు ఛార్జి ఎంత, అది ఆమె చేతిలో ఉంటుందా? పిల్లలతో ఒక రాత్రి ఉండనిస్తారా? చెప్పిన మాట భర్తదాకా పోకుండా ఉంటుందా? చాలామంది పన్నెండు పేర్లు చెప్తారు. నాలుగో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఒకటో రెండో మిగులుతాయి. అతని కాగితం కూడా ఇలాగే గీయించండి. రెండూ పక్కపక్కన పెడితే, రాజీకి కూర్చున్నప్పుడు ఎవరు ఎందుకు తలవంచుతున్నారో మీకే కనిపిస్తుంది. గృహహింస చట్టం, 2005లో వచ్చినది, కాపురమున్న ఇంట్లోనే ఉండే హక్కు ఇచ్చింది. ఆ హక్కుని వాడుకుని అదే ఇంట్లో, అదే అత్తమామల మధ్య ఉండాలంటే ఉత్తర్వు కాగితం ఒక్కటే సరిపోదు. పక్కింట్లో ఎవరో ఒకరు ఆమె మనిషి అయి ఉండాలి. రక్షణాధికారి దరఖాస్తు నింపేటప్పుడే ఆ మనిషి ఎవరో వెతికి పెట్టుకోవాలి.

"నాకెవరూ లేరు" అనే స్త్రీలు వస్తారు. అక్కడ ఆ గడిలో మీ పేరు రాసేయకండి. మనసు అలా చేయమంటుంది, నాకు తెలుసు. మీ చేతిలో ఎనభై కేసులున్నాయి, ప్రాజెక్టు అయిపోతే మీరు ఇంకో జిల్లాకి వెళ్తారు. ఆమె ఇంటినుంచి నడిచి వెళ్ళగలిగిన దూరంలో అంగన్‌వాడీ టీచరో, ఆశా వర్కరో, కుట్టు మిషను పెట్టుకున్న ఒంటరి స్త్రీయో, పాత సంఘం సభ్యురాలో ఎవరో ఒకరుంటారు. మొదటి నెలలో మీరు చేయాల్సిన పని వాళ్ళిద్దరికీ పరిచయం కలిగించడం, ఒక పని మీద ఇద్దరూ కలిసేలా చూడటం. మధ్యాహ్నం భోజనాల తర్వాత మీరు తెచ్చిన కేసుల్లో తలా ఒకటి తీసుకుని ఈ కాగితం గీద్దాం. రంగు పెన్సిళ్ళు అక్కర్లేదు, పేర్లు మాత్రం మార్చి రాయండి.